కిందపడే రెండు స్క్రూలు

బొండపాలెం పారిశ్రామికవాడలో తయారయ్యే శుభోదయ గ్రైండరు ఇరవై రెండేళ్ళుగా ఉత్తరాంధ్ర ఇడ్లీపిండి రుబ్బుతోంది. ఆ ఇరవై రెండేళ్ళూ దానికి రెండు జాబితాలుండేవి. ఆ రెండూ ఒకదానితో ఒకటి ఏనాడూ కలవలేదు. ఈ సంగతి తెలియక గ్రైండరు హాయిగా తిరిగేది.

మొదటి జాబితా డిజైను విభాగానిది. గ్రైండరంటే ఏమిటో అందులో ఉంటుంది. రోలు, పొత్రం, మోటారు, బెల్టు, స్టాండు, స్క్రూలు, ఇలా నలభై మూడు వరుసలు. రెండోది ప్లానింగు విభాగానిది. గ్రైండరు చెయ్యాలంటే ఏమేం కొనాలో అందులో ఉంటుంది. రంగు డబ్బా, గ్రీజు, జిగురు, చేతులు తుడుచుకునే పాతగుడ్డలు, అట్టపెట్టె కూడా కలుపుకుని అరవై ఒక్క వరుసలు. ప్లానింగులో పదకొండేళ్ళుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్న దమయంతికి ఇందులో వింతేమీ కనిపించలేదు. పులిహోర ఎలా కలపాలో రాసుకున్న కాగితం వేరు, పులిహోర కోసం కొట్టుకు రాసే చీటీ వేరు. మొదటిదాంట్లో చిటికెడు ఇంగువ అని ఉంటుంది, రెండోదాంట్లో ఇంగువ డబ్బా అని ఉంటుంది. రెండూ నిజమే. ఎవరైనా అడిగితే ఆమె ఈ మాట చెప్పి ఉండేది. ఎవరూ అడగలేదు.

అడగకపోవడానికి కారణం, సంస్థ మేనేజింగ్ డైరెక్టరు చక్రధరం గారు రాజధానిలో రెండు రోజుల సదస్సుకు వెళ్ళి రావడం. వెళ్ళేటప్పుడు ఆయన దగ్గర సందేహాలుండేవి. వచ్చేటప్పుడు ఒక గుడ్డసంచీ, ఒక పెన్ను, ఒక నమ్మకం తెచ్చుకున్నారు. డిజైను వాళ్ళ జాబితా 'రూపకర్త' అనే సాఫ్ట్‌వేరులో ఉంది, ప్లానింగు వాళ్ళది 'యోజన' అనే సాఫ్ట్‌వేరులో ఉంది. ఈ రెంటి మధ్యా కూర్చునే మూడో సాఫ్ట్‌వేరును సదస్సులో అమ్ముతుంటే ఆయన కొన్నారు. దాని పేరు 'సత్య'. రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి, మొత్తం వరుసల్లో ఎన్ని కలిశాయో శాతంలో చెప్పడం దాని పని. అంతకుమించి దానికేమీ రాదు. మొదటిరోజు అది యాభై ఎనిమిది చూపించింది.

ఎండీ గారు మర్నాడే సిబ్బందినంతా క్యాంటీనులో సమావేశపరిచారు.

"మిత్రులారా, ఈ సంస్థ ఇరవై రెండేళ్ళుగా నలభై రెండు శాతం అసత్యంలో జీవించింది. ఇక జీవించదు. ఒకే వస్తువు, ఒకే జాబితా, ఒకే సత్యం. ఇదే మన నినాదం," అన్నారు.

ఆ నినాదాన్ని బ్యానరు మీద రాయించి గేటుకు కట్టించారు. ఒక కమిటీ వేశారు. దానికి ఆయన అధ్యక్షుడు, డిజైను అధిపతి శేషశాయి గారు సభ్యుడు, తనిఖీ అధికారి ఉమాకాంతం సభ్యుడు. రోజూ కూర్చుని పనిచెయ్యడానికి ఒక మనిషి కావాలి గనక దమయంతిని 'జాబితా సమన్వయకర్త'గా నియమించారు.

"మార్చి నెలాఖరులోగా సత్య నూరు శాతం చూపిస్తే మీ ఉద్యోగం పర్మినెంటు. చూపించని పక్షంలో మీ కాంట్రాక్టు పొడిగింపు గురించి కూడా పునరాలోచించవలసి వస్తుంది," అన్నారు ఎండీ గారు.

దమయంతి ప్రతి మార్చి ముప్పై ఒకటిన గుర్తింపు కార్డు అప్పజెప్పి, ఏప్రిల్ ఒకటిన ఏ ఉద్యోగమూ లేని మనిషిగా ఇంట్లో కూర్చుని, రెండో తారీకున మళ్ళీ కొత్తగా చేరుతుంది. పదకొండేళ్ళలో పదకొండుసార్లు కొత్తగా చేరింది. ఆ ఒక్కరోజు ఆమెకు అన్నం సయించదు. ఈసారి ఆ రోజు రాకపోవచ్చనే ఆశ పుట్టింది. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరిస్తే ఎలా అనుకుని సరేనంది.

అసెంబ్లీ షెడ్డు ఫోర్‌మన్ పైడిరాజు ఈ కథంతా విని నవ్వాడు. గ్రైండరు పుట్టిననాటి నుంచి దాన్ని బిగిస్తున్నవాడతను. దమయంతి అతన్ని బాబాయ్ అంటుంది.

"తోడికోడళ్ళిద్దరికీ ఒకే రకం సీర కట్టీసినంత మాత్రాన ఒకలైపోతారేటమ్మా. ఒకర్తి వొండుతాది, ఒకర్తి సరుకులు తెస్తాది. ఇల్లు గడిసిపోతంది కదా," అన్నాడు.

"ఇల్లు గడిస్తే చాలదు బాబాయ్, నూరు రావాలి," అంది దమయంతి.

మొదటి కమిటీ బుధవారం కూర్చుంది. మొదటి అంశం స్క్రూలు. డిజైను జాబితాలో గ్రైండరుకు పదహారు స్క్రూలున్నాయి. ప్లానింగు జాబితాలో పద్దెనిమిది ఉన్నాయి.

"ఆ అదనపు రెండు మరమేకులు గ్రైండరులో ఎక్కడున్నాయో శాస్త్రీయంగా చూపించండి," అన్నారు శేషశాయి గారు. ఆయన శాస్త్రీయంగా కాకుండా మంచినీళ్ళు కూడా అడగరు.

"గ్రైండరులో ఉండవండి. బిగించేటప్పుడు చెయ్యి జారి కిందపడి, మురుగుకాలవ సందుల్లోకి పోతాయి. సగటున గ్రైండరుకు రెండు పోతాయి. అందుకని పద్దెనిమిది కొంటాం," అంది దమయంతి.

"అంటే వస్తువులో లేనిదాన్ని వస్తువు కోసం కొంటున్నారు."

"అవునండి. లేకపోతే పదహారు బిగించడానికి చాలవండి."

శేషశాయి గారు ఎండీ గారి వైపు తిరిగి, పడిపోయేవాటిని నేను గియ్యలేను అన్నారు. ఎండీ గారు కాసేపు కళ్ళు మూసుకున్నారు.

"కొన్నది వస్తువులో ఉండాలి. వస్తువులో ఉన్నది డ్రాయింగులో ఉండాలి. పడిపోవడం కూడా ఉత్పత్తి ప్రక్రియలో అంతర్భాగమే అయినప్పుడు, పడిపోయినవాటిని పడిపోయినట్టే గియ్యడానికి అభ్యంతరమేమిటి?" అన్నారు కళ్ళు తెరిచి.

శేషశాయి గారు వారం రోజులు కూర్చుని కొత్త డ్రాయింగు గీశారు. మధ్యలో గ్రైండరు, దానికి కుడివైపు జానెడు దూరంలో ఒక స్క్రూ, మూరెడు దూరంలో మరో స్క్రూ. స్క్రూలు గాల్లో ఉండడం శాస్త్రీయం కాదు గనక వాటి కింద నేల కూడా గీశారు. గీసింది జాబితాలో ఉండాలి గనక 'నేల, సిమెంటుది, చదునుగా, ఒకటి' అని నలభై నాలుగో వరుస చేరింది. అది ప్లానింగు జాబితాలోకి కూడా చేరింది. ఆ నెలకు నాలుగు వందల గ్రైండర్లు చెయ్యాలంటే నాలుగు వందల నేలలు కొనాలని యోజన ఇండెంటు తీసింది. 'సంస్థ వద్ద లభ్యం' అని రాసి, దానిమీద మూడు సంతకాలు చేయించేసరికి దమయంతికి తాతలు దిగొచ్చారు. సత్యలో శాతం మాత్రం అరవైకి ఎక్కింది.

డ్రాయింగు మారింది గనక తనిఖీ కూడా మారింది. ఉమాకాంతం చెడ్డవాడు కాడు. డ్రాయింగులో ఉన్నది ఎదురుగా ఉందా లేదా అని చూడడమే అతని వృత్తి. ఒకరోజు ఒక కుర్చీ వేసుకుని షెడ్డులో కూర్చుంటే, ఒక అసెంబ్లీ మనిషి పదహారు స్క్రూలూ ఒక్కటీ జారకుండా బిగించేశాడు. ఉమాకాంతం గ్రైండరు చుట్టూ నేలంతా వెతికి, ఎర్ర చీటీ అంటించాడు. చీటీ మీద 'పడవలసిన మరమేకులు పడలేదు' అని ఉంది. పైడిరాజు జేబులోంచి రెండు స్క్రూలు తీసి డ్రాయింగు చూసుకుంటూ ఒకటి జానెడు దూరంలో, ఒకటి మూరెడు దూరంలో పడేశాడు. ఉమాకాంతం చీటీ పీకేశాడు.

ఆనాటి నుంచి షెడ్డులో పని మొదలుపెట్టగానే ముందు రెండు స్క్రూలు కింద పడేసి, తర్వాత గ్రైండరు బిగించేవాళ్ళు. అలా పడేసిన రెండూ కాక, చేతులు జారేవి ఎలాగూ జారుతూనే ఉన్నాయి. వాటి గురించి దమయంతి కమిటీకి చెప్పలేదు.

జనవరిలో ఎండీ గారికి మరో ఆలోచన వచ్చింది. రెండు జాబితాలూ ఒకదానితో ఒకటి కలిస్తే చాలదు, రెండూ గ్రైండరుతో కలవాలి. అంటే ఒక గ్రైండరును పూర్తిగా విప్పి చూడాలి. ఇది విని దమయంతి పెన్ను కింద పెట్టేసింది. గ్రైండరులో ఏముందో ఆమెకు తెలుసు.

ఉమాకాంతం షెడ్డులోంచి ఒక గ్రైండరు తెప్పించి, కమిటీ బల్ల మీద తెల్లదుప్పటి పరిచి, భాగం తర్వాత భాగం విప్పుతూ జాబితాలో టిక్కు పెడుతూ వచ్చాడు. మోటారు పైకెత్తగానే దాని నాలుగు కాళ్ళ కింద నాలుగు నల్లటి రబ్బరు ముక్కలు కనిపించాయి. రెండు మడతలు పెట్టి, ఒద్దికగా అమర్చి ఉన్నాయి. పైడిరాజును పిలిపించారు.

"ఏమిటివి?" అన్నారు ఎండీ గారు.

"సైకిల్ ట్యూబు ముక్కలండి."

"ఇవి గ్రైండరులోకి ఎలా వచ్చాయి?"

"నానే ఎట్టానండి. మొదటి ఏడాది సేసిన గ్రైండర్లు తెగ వొణికిపోయేవి. ఇలగయితే జనం తిట్టుకుంతారని మోటారు కింద ట్యూబు ముక్క మడత పెట్టి సూసానండి. ఒణుకు ఆగిపోనాది. అప్పట్నించీ అన్నింటికీ ఎడతన్నాం. మా షెడ్డోళ్ళ సైకిళ్ళు పంచరయిపోతే ఆ ట్యూబులు దాసి తెస్తారండి. కంపెనీని ఏటీ అడగలేదు."

అడగకుండా తెచ్చినవాళ్ళలో దమయంతి కూడా ఉంది. ఆమె పాత లేడీస్ సైకిలు ట్యూబులు రెండూ అలాగే వెళ్ళి, ఈపాటికి ఏ పార్వతీపురంలోనో ఎవరి మోటారు కిందో ఉన్నాయి. ఆమె గొంతు సవరించుకుంది.

"సార్, దీన్ని రెండు జాబితాల్లోనూ రాసేస్తే సరిపోతుందండి. ట్యూబు ముక్కలు, నాలుగు. రెండువైపులా కలుస్తుంది కూడాను."

"దీని సరఫరాదారు ఎవరు? నాణ్యతా పత్రం ఏది?" అన్నాడు ఉమాకాంతం.

"పంచరయిన సైకిలుకు పత్రం ఎవరిస్తారండి?" అన్నాడు పైడిరాజు.

శేషశాయి గారి ముఖం ఎర్రబడింది. ఆ మోటారు ఎక్కడ కూర్చోవాలో ఇరవై రెండేళ్ళ కిందట లెక్క కట్టింది ఆయనే. "నా లెక్క ప్రకారం ఈ మోటారు వణకదు. వణకని చోట రబ్బరు అవసరం లేదు. అవసరం లేనిది నా డ్రాయింగులో ఉండదు. రెండు మరమేకులను నేలమీద గీశాను, ఇంక చాలు," అన్నారు.

ఎండీ గారు బల్ల మీద ఉన్న ట్యూబు ముక్కలను పెన్నుతో కదిపి చూశారు.

"రెండు జాబితాల్లోనూ లేని పదార్థాన్ని వస్తువులో ప్రవేశపెట్టడమంటే సంస్థ సత్యం మీద దాడి. సమన్వయకర్త గారూ, ఈ ముక్కల సంగతి మీకు ముందే తెలుసా?"

మార్చి నెలాఖరుకు ఇంకా పది వారాలుంది. దమయంతి దుప్పటి అంచు వైపు చూసింది.

"తెలియదండి," అంది.

పైడిరాజు ఆమె వైపు చూడలేదు. చూసి ఉంటే ఆమెకు కొంత తేలికగా ఉండేది. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. 'అజాబితా పదార్థ ప్రవేశ నేరము' కింద అతన్ని ఆ వారమే ఉద్యోగం నుంచి తొలగించారు. షెడ్డులో ట్యూబు ముక్కలన్నీ పోగేసి గేటు బయట కాల్చేశారు. ఆ కమురు వాసన రెండ్రోజులు ప్లానింగు గదిలోనే ఉంది. దమయంతి కిటికీ మూసుకుని పనిచేసింది. అది సిగ్గుమాలిన పని అని ఆమెకు ఆనాడే తెలుసు.

ఫిబ్రవరిలో గ్రైండర్లు నడవడం మొదలుపెట్టాయి. బొబ్బిలిలో ఒకావిడ పప్పు వేసి, స్నానానికి వెళ్ళి వచ్చేసరికి గ్రైండరు వంటింట్లో లేదు. హాల్లో టీవీ ముందు ఉంది. పాలకొండలో ఒక గ్రైండరు ప్లగ్గు తీగ ఎంతవరకు వస్తే అంతవరకు వచ్చి, గడప దగ్గర గింజుకుంటూ ఆగింది. ఉత్తరాలు వచ్చాయి, ఫోన్లు వచ్చాయి, ఇద్దరు డీలర్లు స్వయంగా వచ్చారు. కమిటీ కూర్చుంది.

"నడక మన జాబితాలో ఉందా?" అని ఎండీ గారు అడిగారు.

"లేదండి," అన్నాడు ఉమాకాంతం.

"అయితే నడవడం లేదు."

ఈ నిర్ణయాన్ని ఉత్తరంగా రాసే పని దమయంతికి పడింది. 'సదరు గ్రైండరు నందు నడకకు సంబంధించిన భాగమేదియు జాబితాలో లేనందున అది నడవలేదని తెలియజేయడమైనది' అని రాసి, మూడు వందల పన్నెండు మందికి పంపింది. మొదటి పాతిక రాసేసరికే ఆ వాక్యం ఆమెకు కంఠతా వచ్చేసింది.

ఇంత చేసినా సత్యలో శాతం డెబ్భై దాటలేదు. శేషశాయి గారు ప్రతి బుధవారం డ్రాయింగులో ఏదో ఒకటి మారుస్తారు. ఆ మార్పు ప్లానింగులోకి ఎక్కించేసరికి మరో బుధవారం వస్తుంది. రంగు దగ్గర మరీ పీటముడి పడింది. డిజైను వాళ్ళు 'ఆకుపచ్చ పూత' అన్నారు, ప్లానింగులో 'రంగు, లీటర్లలో' అని ఉంది. పూత లీటర్లలో ఉండదని ఆయన, లీటర్లలో తప్ప రంగు ఎవరూ అమ్మరని ఈమె. విసుగెత్తి ఒకరోజు దమయంతి ఆ వరుసను రెండు జాబితాల్లోంచీ కొట్టేసింది. శాతం ఒకటిన్నర పెరిగింది.

ఆమె తెర వంక చాలాసేపు చూసింది. తర్వాత జిగురు కొట్టేసింది. పెరిగింది. అట్టపెట్టె కొట్టేసింది. గ్రీజు కొట్టేసింది. వరుస ఉన్నంతకాలం తగువు ఉంటుంది, వరుసే లేకపోతే తగువు లేదు. సాయంత్రానికి సత్య ఎనభై ఎనిమిది చూపించింది. ఎండీ గారు స్వయంగా ఆమె బల్ల దగ్గరకు వచ్చి భుజం తట్టబోయి, ఆడమనిషని గుర్తొచ్చి బల్లను తట్టి వెళ్ళారు.

రంగు లేని గ్రైండర్లను అమ్మకాల విభాగం వాళ్ళు 'సహజ లోహశోభ' అని పేరుపెట్టి అమ్మారు. అట్టపెట్టెలు లేక ఎండుగడ్డిలో చుట్టి లారీ ఎక్కించారు. రాజాం దగ్గర లారీ ఆగినప్పుడు గేదెలు వచ్చి గడ్డి తినేశాయని డ్రైవరు చెప్పాడు. గేదెలు కూడా జాబితాలో లేవు.

మిగిలిన పన్నెండు శాతం కోసం దమయంతి వరుసల్ని గుంపులు చేసింది. మోటారు, పుల్లీ, బెల్టు కలిపి 'మోటారు సముదాయం, ఒకటి'. రోలు, పొత్రం కలిపి 'రాతి సముదాయం, ఒకటి'. నలభై వరుసలు తొమ్మిదయ్యాయి, తొమ్మిది రెండయ్యాయి. ఆ రెంటి మధ్యా కూడా ఒక బుధవారం తగువు వచ్చేసరికి, మార్చి నాలుగో తారీకున రెంటినీ కలిపేసింది. రెండు జాబితాల్లోనూ ఒకే ఒక్క వరుస మిగిలింది: 'గ్రైండరు, ఒకటి.'

శేషశాయి గారు ఒక చతురస్రం గీసి, లోపల గ్రైండరు అని రాసి సంతకం పెట్టారు. ఇంత స్వచ్ఛమైన డ్రాయింగు తన సర్వీసులో గియ్యలేదన్నారు. సత్య ఆకుపచ్చగా నూరు చూపించింది. క్యాంటీనులో అందరికీ తలా ఒక లడ్డూ పెట్టారు.

మర్నాడు ఉదయం యోజన రెండు కాగితాలు తీసింది. మొదటిదాంట్లో, వచ్చే నెల నాలుగు వందల గ్రైండర్లు తయారు చెయ్యడానికి కావలసినవి నాలుగు వందల గ్రైండర్లు, స్టోర్సులో ఉన్నవి సున్నా, వెంటనే కొనవలెను అని ఉంది. రెండోదాంట్లో, స్టోర్సులో పడివున్న మోటార్లు, రోళ్ళు, స్టాండ్లు, స్క్రూలు ఏ ఉత్పత్తికీ సంబంధం లేని సామాను గనక తొలగించవలెను అని ఉంది. ఎండీ గారు ఈ కాగితాలు చూస్తే తన కొంప మునుగుతుందని దమయంతి అనుకుంది. అయినా తీసుకెళ్ళి ఇచ్చింది.

ఎండీ గారు రెండుసార్లు చదివారు. "ఎంత స్పష్టత," అన్నారు. "గ్రైండరు కావాలంటే గ్రైండరు కావాలి. ఇన్నేళ్ళూ ఈ సంగతి మనకెవరూ చెప్పలేదు చూడండి."

స్టోర్సు సామానంతా తుక్కు కింద వేలం వేశారు. గ్రైండర్లకు టెండరు పిలిచారు. మార్చి మూడో వారానికల్లా రెండూ పూర్తయ్యాయి. సంస్థ చరిత్రలో ఏ పనీ ఇంత చురుగ్గా జరగలేదు. వేలంలో సామాను పాడుకున్నవాడూ ఒకడే, టెండరులో గ్రైండర్లు ఇస్తానన్నవాడూ అతనే. కాగితం మీద 'పైడిరాజు రిపేరు షాపు, ఫ్యాక్టరీ పాత గేటు ఎదురుగా' అని ఉంది. పేరు ఎవరూ గమనించలేదు, ఎందుకంటే టెండరు జాబితాలో పేరుకు వరుస లేదు.

గ్రైండర్లు కుడివైపు తలుపులోంచి షెడ్డులోకి రావడం మొదలైంది. నలభై మంది అసెంబ్లీ మనుషులు వాటిని మోసుకెళ్ళి ఎడమవైపు తలుపు దగ్గర పెట్టేవాళ్ళు. అది ఉత్పత్తి. ఉమాకాంతం ఒక్కొక్కదాని ముందూ నిలబడి, ఒకటి ఉందని చూసి టిక్కు పెట్టేవాడు. లోపల ఏముందో విప్పి చూడడానికి అతనికిక అధికారం లేదు, లోపలికి జాబితా లేదు గనక. ఉత్తరాలు రావడం ఆగిపోయింది. గ్రైండర్లు ఎక్కడివక్కడే నిలబడి రుబ్బుతున్నాయి. ఇది సత్యం సాధించిన విజయమని ఎండీ గారు వార్షిక నివేదికలో రాశారు.

మార్చి ముప్పై ఒకటిన దమయంతికి రెండు కవర్లు వచ్చాయి. మొదటిదాంట్లో ఆమెను జాబితా సమన్వయకర్తగా పర్మినెంటు చేస్తున్నట్టు ఉంది. ఆమె దాన్ని కళ్ళకద్దుకుంది. రెండోదాంట్లో, ఉభయ జాబితాల మధ్య తేడాయే లేనందున సమన్వయం అవసరం తీరిపోయిందని, సదరు పోస్టును తక్షణం రద్దు చేస్తున్నట్టు ఉంది. రెండు ఉత్తర్వుల నంబర్లూ, తారీకులూ, సంతకాలూ చక్కగా కలిశాయి. ఆమె కార్డు అప్పజెప్పింది.

ఏప్రిల్ ఒకటిన ఇంట్లో కూర్చోవడం ఆమెకు అలవాటే. రెండో తారీకున ఎక్కడికెళ్ళాలో మాత్రం తెలియలేదు. కాళ్ళు అలవాటు ప్రకారం బస్సెక్కి, పారిశ్రామికవాడలో దిగి, పాత గేటు దాకా తీసుకొచ్చాయి. గేటు ఎదురుగా రేకుల షెడ్డులో పైడిరాజు గోనెపట్టా మీద కూర్చుని మోటారు బిగిస్తున్నాడు. ఒక స్క్రూ చెయ్యి జారింది. గోనె మీద పడింది. తీసుకుని మళ్ళీ బిగించాడు. దమయంతి అక్కడే నిలబడిపోయింది. ఇరవై రెండేళ్ళలో ఫ్యాక్టరీ షెడ్డులో ఒక గోనె పరుద్దామని తనతో సహా ఏ ఒక్కరికీ తోచలేదు.

"బాబాయ్," అంది. "ఆ రోజు నేను అబద్ధం చెప్పాను. నాకు తెలుసు. నా సైకిలు ట్యూబులు కూడా నీకే ఇచ్చాను."

"ఇచ్చినావు. మంచి ట్యూబులవి, ఒక్క పంచరే ఉంది," అన్నాడు పైడిరాజు. పనిలోంచి తల ఎత్తలేదు.

"నా ఉద్యోగం పోయింది."

"తెలిసింది. సూడమ్మా, ఉజ్జోగం పోతాదని అబద్ధం సెప్తే నానేటీ అనుకోను. నాకు కట్టమేసింది ఒకదానికే. ఆ రోజు నువ్వు నాకేసి సూడనేదు, నానూ సూడనేదు." కాస్త ఆగి, పక్కన గోనె సర్దాడు. "అయిపోనాది కదా. ఇప్పుడు నీ పేరూ ఏ జాబితాలోనూ లేదు, నా పేరూ లేదు. ఇంకేటి, వొచ్చి కూకో."

ఆమె వచ్చి కూర్చుంది. కళ్ళు తుడుచుకుని కత్తెర తీసుకుంది. ట్యూబు ముక్కలు ఏ కొలతకు కొయ్యాలో అడిగితే అతను తన బొటనవేలు చూపించాడు. మధ్యాహ్నానికి ఆమె గోడమీద సుద్దముక్కతో రాయడం మొదలుపెట్టింది. రోలు ఒకటి. పొత్రం ఒకటి. మోటారు ఒకటి. ట్యూబు ముక్కలు నాలుగు. గోనెపట్టా ఒకటి. అన్నీ రాసేసరికి చూస్తే, అది డిజైను జాబితాలా లేదు, ప్లానింగు జాబితాలా లేదు. గ్రైండరులా ఉంది.

నాలుగో రోజున ఫ్యాక్టరీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. కళ్ళజోడు పైకి తోసుకుని పైడిరాజు ఆమెకే ఇచ్చాడు. నూరు శాతం సత్యసాధనకు గుర్తుగా ఒక గ్రైండరు మేనేజింగ్ డైరెక్టరు గారి నివాసంలో ప్రతిష్ఠించబడునని, సదరు గ్రైండరు నందు డిజైను విభాగం ఆమోదించని ఏ పదార్థమూ ఉండరాదని, ముఖ్యంగా రబ్బరు ఉండరాదని అందులో ఉంది.

"ఏటి సేద్దాం?" అన్నాడు పైడిరాజు. "ఆయన ఇంటామె పిండి రుబ్బుకోవాల కదా పాపం."

"రాసిచ్చారు కదా బాబాయ్. మనం రాసినట్టే పంపుదాం," అంది దమయంతి. బిగించి ఉంచిన గ్రైండరు ఒకటి దగ్గరకు లాక్కుని, మోటారు ఎత్తి, నాలుగు ట్యూబు ముక్కలూ తీసి పక్కన పెట్టింది.

అది వెళ్ళిన మూడో రోజు ఎండీ గారి మనిషి పరుగెత్తుకొచ్చాడు. గ్రైండరు వంటింట్లోంచి బయల్దేరి, హాల్లో అద్దాల బీరువాను గుద్ది, అందులో ఉన్న సత్యసాధన జ్ఞాపికను పగలగొట్టిందట. ఇల్లంతా మినప్పిండేనట. వెంటనే వివరణ రాసివ్వాలట.

దమయంతి చేతులు కడుక్కుని, కాగితం తీసుకుని, ఆలోచించే పనిలేకుండా రాసిచ్చింది.

'సదరు గ్రైండరు నందు నడకకు సంబంధించిన భాగమేదియు జాబితాలో లేనందున అది నడవలేదని తెలియజేయడమైనది.'